వాగుచేప ఒంటిమీది ఎర్రచుక్కలు

ఒకప్పుడు వాగుచేప ఒంటిమీద ఒక్క మచ్చ కూడా ఉండేది కాదు. తలనుంచి తోకదాకా, అప్పుడే తోమిన వెండిగిన్నెలా తెల్లగా మెరిసేది. ఇప్పటిలా ఎక్కడో కొండలమీద దాక్కునేది కూడా కాదు. చల్లవాగు కొండమీద పుట్టి, జలపాతమై అడవిలోకి దూకేది. అక్కణ్ణించి కింద పెద్ద ఏట్లో కలిసేదాకా ప్రతి మడుగులోనూ వాగుచేపలే. పిల్లలు నీళ్లలో కాళ్లు పెడితే వచ్చి వేళ్లు కొరికి చూసేవి. గేదెలు దిగితే వాటి పొట్టల కింద చల్లగా నిలబడేవి.

అలాంటి చేపకి మనిషంటే ఇంత కోపం ఎందుకొచ్చిందో చెబుతాను. వింటే మీకూ కోపం వస్తుంది. రావాలి కూడా.

వాగు ఏట్లో కలిసే చోట ఒక గూడెం ఉండేది. ఆ గూడెంలో సింగారమ్మ అని ఒకావిడ. దోనె నడపడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఒక వేసవంతా కష్టపడి, బూరుగు మాను తొలిచి తన దోనె తానే చేసుకుంది. ఆమెకో తమ్ముడు, పల్లాలు. వాడికి భుజబలం ఎక్కువ. నోటిబలం ఇంకా ఎక్కువ.

ఇంటిముందు మడుగులో చేపల్ని పట్టకూడదని ఆ గూడెం కట్టుబాటు. పొరుగువాళ్లని ఎవరైనా తింటారా? అందుకని ఏటా వానలు తగ్గి చలి మొదలవగానే, అక్కాతమ్ముళ్లిద్దరూ దోనెలో వాగుకి ఎదురు వెళ్లేవాళ్లు. మూడు రోజుల దారి. మడుగులున్న చోట తెడ్లు వేసేవాళ్లు. నీళ్లు రాళ్లమీద దూకే చోట దిగి, దోనెని బోర్లించి నెత్తిన పెట్టుకుని అడవిలో నడిచేవాళ్లు. తలలు కనబడేవి కావు. దోనెకే నాలుగు కాళ్లు మొలిచినట్టుండేది. అది చూసి లకుముకి పిట్ట కిచకిచా నవ్వేది.

అలా నడిచి నడిచి పెద్దమడుగు చేరేవాళ్లు. అక్కడ చేపలకి పెద్ద తెల్లమ్మ. మూరెడు పొడుగు, ముసలి చేప. నీళ్లపైకి వచ్చి అడిగేది.

"ఈ ఏడు ఎన్ని?"

"ఇంటికొకటి" అనేది సింగారమ్మ.

"గుడ్లున్నవి?"

"వదిలేస్తాను."

"సరే, గాలం వెయ్యి. తగులుకుంటే మా తెలివితక్కువ. తప్పించుకుంటే నీ తెలివితక్కువ."

ఇలా ఏళ్లు గడిచాయి.

ఒక ఏడు పల్లాలుకి పెళ్లి కుదిరింది. ఏటికి అవతలి ఊరు పిల్ల. ఆ పిల్ల మేనమామ నలుగురిలో ఎగతాళి చేశాడు. "ఏమోయ్ పెళ్లికొడకా, విందుకి ఏం పెడతావు? గాలానికి తగిలిన నాలుగు చేపలేనా?"

అందరూ నవ్వారు. పల్లాలు చెవులు ఎర్రబడ్డాయి.

"నాలుగా? దోనె నిండా తెస్తాను! మీ ఊరంతా తిన్నా ఇంకా మిగులుతాయి, చూడండి!" అనేశాడు.

అనేసిన మాట వెనక్కి తీసుకోవడం వాడికి చేతకాదు.

ఆ చలికాలం అక్కాతమ్ముళ్లు మళ్లీ బయలుదేరారు. పల్లాలు దోనెలో ఒక గోనెసంచి పెట్టాడు.

"ఏంట్రా అది?" అంది సింగారమ్మ.

"ఏవో కాయలక్కా. దారిలో పనికొస్తాయి."

తమ్ముడే కదా అని ఆమె సంచి విప్పి చూడలేదు.

రెండో రోజు దోనె మోస్తూ పల్లాలు సణగడం మొదలుపెట్టాడు. "భుజం వాచిపోయింది. ఏటా ఈ మోత ఏంటక్కా? ఇంత దూరం వచ్చి, ఇంటికొక చేప పట్టుకుని పోవడమా? ఎవరికి చెప్పినా నవ్వుతారు."

"ఇందాకటిదాకా దోనె మనల్ని మోసింది. ఇప్పుడు మన వంతు. నడువు" అంది సింగారమ్మ.

మూడో రోజు పొద్దెక్కేసరికి పెద్దమడుగు చేరారు. ఒడ్డుకి తగిలేటప్పుడు రాయి కొట్టుకుని సింగారమ్మ తెడ్డు విరిగింది.

"నేను పైకెళ్లి మంచి కర్ర చూసి కొట్టుకొస్తాను. నువ్వు గాలాలు వెయ్యి. ఇంటికొకటి. మర్చిపోకు" అని గొడ్డలి తీసుకుని వెళ్లింది.

పల్లాలు గాలం వేశాడు. ఒక చేప పడింది. చాలాసేపటికి ఇంకొకటి. దోనెకేసి చూశాడు. అంత పెద్ద దోనెలో రెండు చేపలు! మేనమామ నవ్వు చెవుల్లో మోగింది.

గాలం పక్కన పారేసి గోనెసంచి విప్పాడు. అందులో ఉన్నవి మంగకాయలు. వాటిని దంచి నీళ్లలో కలిపితే చేపలకి ఊపిరాడదు. పల్లాలు రాతిమీద వాటిని దంచడం మొదలుపెట్టాడు.

లకుముకి పిట్ట కొమ్మమీంచి చూసింది. "పల్లాలూ! ఏం దంచుతున్నావు?"

"నీకెందుకు?"

"అది విషం! మీ అక్క చూస్తే ఊరుకోదు!"

"కొంచెమే కలుపుతాను. పెద్దవి నేను తీసుకుంటాను, చిన్నవి తేరుకుంటాయి."

"కొంచెం చాలని నువ్వు చెబితే విషం వింటుందా?"

పల్లాలు రాయి విసిరాడు. పిట్ట తప్పుకుంది. వాడు దంచిందంతా తెచ్చి మడుగులో గుమ్మరించాడు.

నీళ్లమీద నురుగు లేచింది. ముందు చిటికెనవేలంత పిల్లచేపలు తేలాయి. తర్వాత వాటి తల్లులు. తర్వాత గుడ్లతో కడుపు నిండినవి. తెల్లటి పొట్టలు పైకి పెట్టి, నోళ్లు తెరిచి, మడుగంతా పరుచుకున్నాయి.

"దొరికాయి!" అని పల్లాలు గెంతాడు. రెండు చేతులా ఎత్తి దోనెలో పోశాడు. దోనె నిండింది. చేపలు మాత్రం ఇంకా తేలుతూనే ఉన్నాయి. ఒడ్డున పోశాడు. ఒడ్డు నిండింది. ఇంకా తేలుతూనే ఉన్నాయి.

"చాలు" అన్నాడు పల్లాలు. "ఇక చాలు!" అని నీళ్లకేసి చూసి అరిచాడు.

నీళ్లు ఆగలేదు. విషం మడుగు దాటి కింది మడుగులోకి పోయింది. అక్కణ్ణించి ఆ కిందకి. అక్కడున్న చేపలకి ఏ పాపమూ తెలియదు.

సింగారమ్మ కొత్త కర్ర భుజాన వేసుకుని వచ్చింది. మడుగు చూసింది. కర్ర చేతిలోంచి జారిపోయింది.

"ఒరేయ్, ఏం చేశావురా?"

"అక్కా, విందుకని..."

"ఏం చేశావని అడిగాను!"

"మంగకాయ..."

చెంప పగిలేలా కొట్టింది. "ఎవడో నవ్వాడని ఇంత పని చేస్తావా? నీ పరువుకి వీటి ప్రాణాలా? ఇదిగో, దీని కడుపు చూడు! గుడ్లురా! వచ్చే ఏడు చేపలు, ఆ పై ఏడు చేపలు, నీ బిడ్డలు తినాల్సిన చేపలు! అన్నీ ఒక్క పూటలో చంపేశావు. నోరు పెద్దది చేసుకుని మాట్లాడతావు కదా, ఇప్పుడు మాట్లాడు!"



"తిట్టడం తర్వాత!" అని లకుముకి అరిచింది. "పైనుంచి నీళ్లు దూకే చోట ఇంకా మంచినీళ్లున్నాయి. అక్కడివి బతికే ఉన్నాయి. కొన ఊపిరితో ఉన్నవాటిని అక్కడికి చేర్చు!"

సింగారమ్మ నడుములోతు నీళ్లలోకి దూకింది. మొప్పలు కదులుతున్నవాటిని ఏరి బుట్టలో వేసుకుని, రాళ్లమీద పరుగెత్తి, నీళ్లు దూకే చోట వదిలింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పరుగెత్తింది. మోకాళ్లు చెక్కుకుపోయాయి.

"నిలబడి చూస్తావేంరా? మొయ్యి!" అని తమ్ముడిమీద అరిచింది. వాడూ మోశాడు.

ఎండ కొండ దాటేసరికి ఒక వంద చేపలు బతికి బయటపడ్డాయి. మిగిలినవన్నీ పోయాయి. తెల్లమ్మ బతికింది. ఆమె పిల్లల్లో ఒక్కటీ బతకలేదు.

అప్పుడు చల్లవాగు నోరు విప్పింది.

"మీకు తాగడానికి నీళ్లిచ్చాను. మీ దోనె మోశాను. మీ పిల్లల మురికి కడిగాను. నా కడుపులో విషం పోస్తావా?" అని గర్జించింది. చలికాలంలో సన్నగా పారే వాగు వర్షాకాలంలోలా ఉబ్బింది. ఒక్క ఊపున వచ్చి పల్లాలు నడుం పట్టుకుంది. ఛాతీ దాకా వచ్చింది. మెడ దాకా వచ్చింది.

"అక్కా!" అని వాడు కేక పెట్టాడు.

సింగారమ్మ ఒక చేత్తో చెట్టువేరు పట్టుకుని, రెండో చేత్తో తమ్ముడి జుట్టు పట్టుకుంది.

"వదులు!" అంది వాగుతో.

"వీడినా? నువ్వు కూడా వీడి పక్షమేనా?"

"కాదు. నీకెంత కోపముందో నాకూ అంతే ఉంది. కానీ చచ్చినవాడు దేన్నీ మొయ్యడు. వీడు చేసిన తప్పు వీడే మొయ్యాలి. బతికినంతకాలం మోయిస్తాను. వదులు!"

వాగు కాసేపు బుసలు కొట్టింది. తర్వాత పల్లాలుని ఒడ్డుమీదికి విసిరేసింది. కానీ దోనెని వదల్లేదు. చచ్చిన చేపలతో సహా ఎత్తి రాళ్లకేసి కొట్టింది. సింగారమ్మ వేసవంతా తొలిచిన దోనె పేడులు పేడులైంది.

తెల్లమ్మ మిగిలిన చేపలకేసి తిరిగింది. "ఇక్కడ ఇక ఉండొద్దు. పైకి పోదాం. నీళ్లు పుట్టే చోటికి, ఏ దోనే రాలేని చోటికి."

"నేను కిందికే పారతాను తల్లీ. నిన్ను పైకి మొయ్యలేను" అంది వాగు.

"నువ్వు మొయ్యక్కర్లేదు. మేమే దూకుతాం."

అంతకుముందు ఏ చేపా ఆ జలపాతం ఎక్కలేదు. తెల్లమ్మ ఎగిరింది. రాతికి కొట్టుకుని కింద పడింది. ఒళ్లు చీరుకుపోయింది. మళ్లీ ఎగిరింది. ఆమె వెనక వందా ఎగిరాయి. పాకుడు పట్టిన రాళ్లకి రాసుకుని వీపులు ఆకుపచ్చగా మారాయి. మొనలు గుచ్చుకుని పక్కలనిండా నెత్తుటిచుక్కలు లేచాయి. నొప్పి కంటే కోపమే వాటిని పైకి తీసుకెళ్లింది.

పైకి చేరినవాటిని వాగు తన చల్లటి నీళ్లతో కడిగింది. ఎంత కడిగినా నెత్తుటిచుక్కలు పోలేదు. అప్పుడు వాగు ఒక్కొక్క ఎర్రచుక్క చుట్టూ తన నీలం రంగు కొంచెం పూసి గాయం మాన్పింది. ఆ పాత తెలుపు రెక్కల అంచున మాత్రం గీతలా మిగిలింది.

సింగారమ్మ రాళ్లు పట్టుకుని పైకెక్కింది. మడుగు ఒడ్డున నిలబడింది. ఆమె నీడ నీళ్లమీద పడగానే చేపలన్నీ చెదిరి రాళ్ల కిందికి దూరాయి.

"తెల్లమ్మా! నేను, సింగారమ్మని! ఎందుకు పారిపోతున్నారు?"

రాతి కిందనుంచి తెల్లమ్మ గొంతు వినిపించింది. "నువ్వు మంచిదానివే. మాలో సగం నీ చేతుల్లోనే బతికాం. అది నాకు తెలుసు."

"మరి?"

"నీ నీడా వాడి నీడా నీళ్లలోంచి చూస్తే ఒకలాగే ఉన్నాయి. ఏది ఎవరిదో తెలుసుకునేలోపు మా పిల్లలు చచ్చిపోతారు. ఇక ఏ నీడనీ నమ్మం."

సింగారమ్మకి దుఃఖం వచ్చింది. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. తన తప్పు లేకుండా తననీ వాడితో కలిపేశారు! కానీ తెల్లమ్మ అన్నదాంట్లో తప్పేముంది? ఎంత వెతికినా ఆమెకి దొరకలేదు.

చేపలు స్థిరపడ్డాక వాగు తన దారిలోకి బండలు దొర్లించుకుంది. చెట్లు కూల్చుకుంది. పది బారలు దోనె సాగే చోటు కూడా మిగల్చలేదు.

అక్కాతమ్ముళ్లు నడిచి గూడెం చేరారు. విందుకి తెస్తానన్న చేపలు పల్లాలు కంటే ముందే అవతలి ఊరు చేరాయి, కుళ్లి కంపు కొడుతూ, ఏటిలో తేలుకుంటూ. ఆ ఊరివాళ్లు పిల్లని ఇచ్చేది లేదన్నారు. ఆ ఏడు గూడెం చేప ముట్టలేదు. దుంపలు తిని బతికింది. ఇంటిముందు మడుగులో కాళ్లు పెట్టుకున్న పిల్లల వేళ్లు కొరకడానికి ఒక్క చేపా రాలేదు.

సింగారమ్మ కొత్త దోనె తొలిచింది. ఏడాదంతా తమ్ముడితో ఒక్క మాట మాట్లాడలేదు. మళ్లీ చలి మొదలైన రోజున వాడి గుమ్మం ముందుకి వచ్చి, "ఎత్తు" అంది. వాడు ఎత్తాడు. ఆరు రోజులు మోశాడు. ఎక్కడా సణగలేదు.

పైమడుగుకి చాలా ముందే దోనె దించి, ఇద్దరూ మోకాళ్లమీద పాకుతూ వెళ్లి, బండ చాటున కూర్చున్నారు. గాలం వేసి పొద్దస్తమానం ఎదురుచూశారు. ఒకే ఒక్క చేప పడింది. దాని కడుపులో గుడ్లున్నాయి. పల్లాలు దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని నీళ్లలో వదిలాడు. అది వెనక్కి కూడా చూడలేదు.

అప్పటినుంచే వాగుచేప పక్కల నీలం అంచున్న ఎర్రచుక్కలు ఉంటున్నాయి. అప్పటినుంచే అది మనుషుల ఊళ్లు వదిలి, చల్లటి నీళ్లు పుట్టే చోట బతుకుతోంది. దాన్ని చూడాలంటే దోనెని నెత్తిన మోసుకుని కొండలెక్కాల్సిందే. ఎక్కి, నీళ్లమీదికి వంగారో, మీరెంత మంచివాళ్లైనా సరే, మీ నీడ పడిన మరుక్షణం అక్కడ ఒక్క చేపా ఉండదు.