రేవు షరతు

జ్వరం కషాయం కనిపెట్టిన ఆస్థాన వైద్యుడు పుండరీకయ్యకు, ఆయన తప్ప ఎవరూ దాన్ని కాచకూడదని రాజు హక్కు రాసిచ్చాడు. ఆ ఏడు ఊరంతా జ్వరంతో మూలుగుతుంటే, ఆయన రోజుకు ముంతెడే కాచి, మెడలో బంగారం ఉన్నవాళ్లకే అమ్మాడు. ఆయన మూలికలన్నీ ఏరు దాటించేది పడవవాడు నూకన్న. కషాయంలో ఏమేం పడతాయో తెలుసు గనక, అతను బానెడు కాచి పేటంతా పంచాడు. భటులు అతన్ని సభకు ఈడ్చుకొచ్చారు.

"ముప్పై ఏళ్లు అడవులు తిరిగి కనిపెట్టాను ప్రభూ! ఇది దొంగతనం!" అన్నాడు వైద్యుడు.

"కష్టం మీదే అయ్యగారూ, కాదనను" అన్నాడు నూకన్న. రాజువైపు తిరిగాడు. "మహాప్రభో, మా రేవులో నేను తప్ప ఎవరూ పడవ వేయకూడదని నాకూ హక్కిచ్చారు. అప్పుడు పెట్టిన షరతు గుర్తుందా?"

"ఉంది. పొద్దువాలేసరికి ఒడ్డున ఒక్కరు మిగిలినా, నీకు వాటా ఇచ్చి ఇంకెవరైనా దాటించొచ్చు."

నూకన్న భుజాన ఉన్న ధాన్యం మూట దించి ముందు పెట్టాడు. "కషాయం తాగినవాళ్లు ఇచ్చినదాంట్లో ఇది అయ్యగారి వాటా."

"ఆ షరతు పడవలకు!" అని గద్దించాడు వైద్యుడు.

"పడవ అందకపోతే మనిషి రేపటిదాకా ఆగుతాడు అయ్యగారూ. కషాయం అందకపోతే ఆగుతాడా?"

రాజు గంటం తెప్పించి, వైద్యుడి హక్కు కింద రేవు షరతు తన చేత్తోనే రాశాడు.

మర్నాడు పుండరీకయ్య పొయ్యి మీంచి ముంత దిగింది, గంగాళం ఎక్కింది.