కాకి కనిపెట్టిన శంకుస్థాపన మీటరు

మా అడవిలో సెల్ టవరు వేశారు, ఆ వెంటనే వాగు ఎండిపోయింది. రెండింటికీ సంబంధం లేదు, వరసగా జరిగాయంతే. ఇంత తెలివిగా విడదీసి చెబుతున్నది ఎవరంటారా? నేను కాకిని. ఈ అడవిలో నాకన్నా తెలివైన పక్షి లేదు. ఈ మాట ఇంతవరకూ నేను తప్ప ఎవరూ అనలేదు.

వేసవి ముదిరేసరికి, నీళ్ళు తెప్పించే పెద్ద కావాలని జంతువులన్నీ ఎన్నిక పెట్టుకున్నాయి. నిలబడింది ఇద్దరే. ఒకరు నక్క నాగభూషణం, పోయినేడూ తనే పెద్ద. ఇంకొకరు అడవిపంది వరహాలు. తనంతట తాను నిలబడలేదు, కుందేళ్ళు పేరు రాయించాయి.

మా గూట్లో రెండు పిల్లలు దాహంతో నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"నిజంగా నీళ్ళిచ్చేదెవరో కళ్ళతో చూసి ఓటెయ్యండి" అంది మా ఆవిడ.

"చూడ్డమెందుకే? కొలుస్తాను" అన్నాను.

విహారానికొచ్చినవాళ్ళు పారేసుకున్న ఫోను నా దగ్గరుంది. ముక్కుతో పొడిచి వెతికాను. నాగభూషణం పేరు పక్కన 'శంకుస్థాపన' అని కొడితే నాలుగు వందల పన్నెండు వచ్చాయి. 'ప్రారంభోత్సవం' అని కొడితే సున్నా. రాళ్ళు పాతడమే గాని పని పూర్తిచేసింది లేదన్నమాట! ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే నాయకుడి బూటకం ఎంతో తేలిపోతుంది. దీనికి 'కాకి మీటరు' అని పేరు పెట్టి చెట్టుచెట్టుకూ తిరిగి అరిచాను. అరవడం మాకు వెన్నతో పెట్టిన విద్య.

నక్క పరుగున వచ్చింది. తిడుతుందనుకున్నాను.

"కాకిగారూ, మీ బుర్రకు దండం. ఇంతకీ మీ మీటరు ఏం లెక్కపెడుతుంది?"

నన్నెవరైనా 'గారూ' అంటే నాకు ఒళ్ళు తెలియదు. మొత్తం విప్పి చెప్పాను.

"అంటే, ప్రారంభోత్సవాలు పెరిగితే నిజాయితీ పెరిగినట్టేనా?"

"లెక్క అంతేనండీ."

"మహాప్రసాదం" అని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి వాగు పొడవునా రిబ్బన్లే. ఎండిన గుంట కనబడితే చాలు, నక్క కత్తిరించడం, కోతులు తాము కొట్టేసిన ఫోన్లతో ఫోటో తీసి నెట్లో పెట్టడం. వారం తిరిగేసరికి ప్రారంభోత్సవాలు వెయ్యి దాటాయి. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే రకం నా మీటరు, నక్కను సత్యసంధుడని తేల్చేసింది.

వరహాలునూ కొలిచాను. శంకుస్థాపనలు సున్నా, ప్రారంభోత్సవాలు సున్నా. సున్నాకు సున్నా పెడితే ఏం తేలుతుందో నాకు తెలియదు. తెలియదని చెబితే పరువు పోదూ? "అనుమానాస్పదం" అని ప్రకటించాను.

నక్క గెలిచింది. నా మెడలో దండ కూడా వేసింది.

మూడో రోజుకు మా పిల్లలు అరవడం మానేశాయి. అప్పుడేసింది నాకు భయం. నక్క ప్రారంభించిన గుంటలన్నీ తిరిగాను. రిబ్బను ముక్కలున్నాయి, నీటిచుక్క లేదు. ఫోన్లో 'నీళ్ళు' అని పొడిచాను. నాగభూషణం నవ్వుతున్న ఫోటోలొచ్చాయి.

మా ఆవిడ తనే వెతకడానికి ఎగిరిపోయింది. కాసేపటికి తడిముక్కుతో వచ్చి పిల్లల నోళ్ళు తడిపింది.

"ఎక్కడివే?"

"వాగు మలుపులో. వరహాలు నెల్రోజులుగా ఇసకలో చెలమ తవ్వుతున్నాడు. నిన్న ఊట పడిందట."

వెళ్ళి కడుపునిండా తాగాను. సిగ్గేసింది, ఆ సిగ్గు వరహాలు మీదే చూపించాను. "ఇంత పని చేస్తూ ఒక్క ముక్క ఫోన్లో పెట్టలేదేం?"

వరహాలు బురద ముట్టె పైకెత్తాడు. "నాకు ఫోనేటి బావూ? నోటినిండా ఇసకే. అయినా నీ చెట్టు మీంచి కనబడతాది గదా!"

నిజమే. మా గూటి నుంచి రెక్క రెండుసార్లు కొడితే ఆ మలుపు. ఎగిరి చూడాల్సినదాన్ని పొడిచి చూశాను.

ఇంతలో నక్క రిబ్బను పట్టుకుని రానే వచ్చింది. "కాకిగారూ, ఈ చెలమ ప్రారంభోత్సవానికి ఫోటో తమరే తీయాలి."

తీశానా లేదా అని అడక్కండి. 'గారూ' అంది మరి.

నీతి చెప్పే మొహం నాకు లేదు గనక మా ఆవిడ మాటే చెబుతున్నాను: పనిచేసేదెవరో తెలియాలంటే పేరు వెతక్కు, ముట్టె చూడు.