పేరిందేవి జింక బొమ్మలు

అనగా అనగా, రాజుగారి మీసం కన్నా బొంగరాల వ్యాపారి మీసమే పొడవుగా ఉన్న పట్నం ఒకటి ఉండేది. దాని పేరు వేణుపురం. అక్కడి సంతలో పిల్లల ఆటవస్తువులంటే రెండే రెండు. ధనగుప్తుడి బొంగరాలు, మణిగుప్తుడి గవ్వల పలకలు. తాతల నాటి నుంచీ పిల్లలు అవే కొన్నారు, అవే ఆడారు.

ఆ ఊళ్లో పేరిందేవి అనే వడ్రంగి అమ్మాయి ఉండేది. మంచం కోళ్లు చెక్కి చెక్కి ఆమెకు విసుగెత్తింది. ఒకనాడు చిన్న చెక్క జింకను చేసి, దాని కాళ్లకూ మెడకూ దారాలు కట్టి, ఆ దారాలను ఒక కడియానికి ముడివేసింది. కడియం తొడుక్కుని చెయ్యి ఎగరేస్తే జింక గెంతేది. చెయ్యి తిప్పితే వెనక్కి తిరిగి చూసేది.

అలాంటివే మరికొన్ని చేసి అమ్ముకుందామని సంతకు తీసుకెళితే, సంత పెద్ద ఆమెకు ఒక మూల చోటు చూపించాడు.

"అమ్మాయీ, కొత్తవాళ్లకు మూడు సంతలు గడువు. ఈలోగా ఒక్కటైనా అమ్ముడుపోకపోతే చోటు ఖాళీ చెయ్యాలి."

అంటే మళ్లీ మంచం కోళ్లే. తలచుకుంటేనే పేరిందేవికి ఏడుపొచ్చింది.

మొదటి సంతనాడు అందరిలాగే ఆమె కూడా బొమ్మలను తాడుకు వేలాడదీసింది. కొనకుండా సరుకు ముట్టరాదని అక్కడి కట్టుబాటు. బొంగరాన్ని చూస్తే చాలు, అదేమిటో తెలుస్తుంది. వేలాడే జింకను చూస్తే ఏం తెలుస్తుంది? "పాపం, దీనికేం జబ్బమ్మా?" అని ఒకాయన పరామర్శించి మరీ వెళ్లాడు.

ధనగుప్తుడు మీసం దువ్వుకుని, "కొత్తొక వింత అంటారు గానీ తల్లీ, మన సంతలో పాతే ముద్దు" అన్నాడు.

రెండో సంతనాడు తానే కడియం తొడుక్కుని ఆడించింది. జింక గడ్డి మేసింది, వాగు దాటింది, అలిగి కూర్చుంది. ఇసకేస్తే రాలనంత జనం. ఒకటే చప్పట్లు. ఒక పాప కొనమని మారాం చేస్తే తల్లి చెయ్యి పట్టి లాగింది.

"పద పద. ఆవిడ చేతిలో గెంతుతుంది, నీ చేతిలో పడుకుంటుంది."

ఆ పాపకు బొంగరమే దొరికింది. పేరిందేవికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఇంటికి వెళ్లి ఆలోచిస్తే గానీ సంగతి బోధపడలేదు. తాను ఎంత బాగా ఆడిస్తే జనం అంత జంకుతున్నారు!

మూడో సంతనాడు ఉన్న పదకొండు జింకలనూ చాప మీద పరిచి కేకేసింది.

"రండి, ముట్టుకోండి, ఆడండి! కొనక్కర్లేదు!"

ఎవరూ ముందుకు రాలేదు.

"దారాలు తెగితే పూచీ ఎవరిది?" అని మణిగుప్తుడు నవ్వాడు.

"నాదే బాబాయ్" అంది పేరిందేవి.

తమలపాకుల కోసం వచ్చిన మంగవ్వ ఆగింది. వయసు మీదపడి ఆమె చేతులు ఎప్పుడూ వణుకుతుంటాయి.

"నా చేతికి లొంగుతుందంటావా ఇది?"

"ఏమో అవ్వా, నాకూ తెలియదు. వేసుకుని చూడు."

అవ్వ చేతి వణుకు దారాల వెంట దిగింది. జింక గజగజలాడింది. "పులి! పులిని చూసింది!" అని పిల్లలు అరిచారు. అవ్వ ఉలిక్కిపడి చెయ్యి లాగేసరికి జింక ఒక్క గంతు వేసింది. అవ్వ పడీపడీ నవ్వింది.

"నా చేతులు ఇన్నాళ్లకు ఒక పనికొచ్చాయే!"

ఇంకేముంది? "నాకు, నాకు" అని పిల్లలు ఎగబడ్డారు. ఒకడి జింక కుంటింది, ఒకతె జింక పల్టీ కొట్టింది. ఎవరి జింక వాళ్లకు ముద్దు. పొద్దు వాలేలోపు పది అమ్ముడుపోయాయి. పదకొండోదాన్ని ధనగుప్తుడే మనవరాలి కోసమని కొని, ఉత్తరీయం చాటున పట్టుకెళ్లాడు. బొంగరాల బేరమూ ఆగలేదు, గవ్వల బేరమూ ఆగలేదు. సంత పెద్ద ఆ చోటును పేరిందేవికే రాసిచ్చాడు.

కాబట్టి పిల్లలూ, మన నేర్పు చూపిస్తే జనం మెచ్చుకుంటారు, వాళ్ల చేతికే అందిస్తే నమ్ముతారు.