దాటేసిన మూడు వరుసలు

ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పే అలవాటు కూర్మయ్య మేస్టారికి లేదు. ఏదో ఒక పని చేతికిచ్చేవారు. ఆ పని ముగిసేసరికి అడిగినవాడు తన ప్రశ్న దగ్గరికి తానే మళ్ళీ వచ్చేవాడు, లేకపోతే సిగ్గుపడి ఇంటికి పోయేవాడు. ఉప్పుమళ్ళ పక్కన తాటాకు పాకలో ఆయన మాకు అక్షరాలు నేర్పారు. తెల్లవారుజాము నుంచి ఉప్పు లాగి, ఎండ ముదిరాక, చీలిన వేళ్ళతో బలపం పట్టుకున్నవాళ్ళం మేము. మాకు చదువు ఎవరూ పళ్ళెంలో పెట్టి ఇవ్వలేదు.

ఆ పాకలో చదువుకున్న దాలయ్య నలభయ్యో ఏట మా ఉప్పు కూలీల సంఘానికి కార్యదర్శి అయ్యాడు. మళ్ళు ప్రభుత్వానివి. కౌలు సంఘం పేరున ఉండేది. ఆ వేసవిలో కౌలు గడువు తీరిపోయింది. మళ్ళీ మాకే ఇస్తారా, ఏ కంపెనీకైనా కట్టబెడతారా అని నలభై ఇళ్ళు ఊపిరి బిగపట్టి ఉన్నాయి. సరిగ్గా అప్పుడే సంఘం పేరున రిజిస్టరు ఉత్తరం వచ్చింది. సంతకం పెట్టి తీసుకోవలసింది దాలయ్య. పోస్టుమేన్ జోగారావు సైకిలు గట్టు మీద కనిపించగానే దాలయ్య పక్కనున్న ఉప్పునీటి పాయలోకి దిగి తప్పుకునేవాడు. అలా ఐదు రోజులు గడిచాయి. ఏడో రోజూ దాటితే ఉత్తరం పంపినచోటికే పోతుంది. తీసుకోని ఉత్తరం రానట్టే లెక్క అని అతని ధీమా.

ఈ మాట విని నవ్వేవాళ్ళు ఉంటారు. నవ్వుకోనివ్వండి. ప్రభుత్వం ముద్ర వేసి మా ఇళ్ళకు పంపిన కాగితం ఏదీ ఏనాడూ బాగున్నారా అని అడగలేదు. పొమ్మనే అంది. అయినా చెబుతున్నాను, ఆ ధీమా వట్టి తప్పు. కళ్ళు మూసుకున్నవాడి మీద కూడా ఉత్తర్వు నడుస్తుంది.

ఆరో రోజు మధ్యాహ్నం దాలయ్య పాకలోకి వచ్చాడు. నేను మూల కూర్చుని పలకలు తుడుస్తున్నాను. అతను నేలకేసి చూస్తూ అడిగాడు.

“సిన్నప్పుడు సైకిలు గంట ఇనబడితే అన్నం కంచం ఒగ్గేసి పరిగెట్టీవోణ్ణి మేస్టారూ. ఇప్పుడు అదే గంట ఇనబడితే పాయలోకి దిగిపోతన్నాను. ఉత్తరం అప్పుడూ కాయితమే, ఇప్పుడూ కాయితమే. నాకేటయిపోనాది?”

మేస్టారు అతన్ని అన్నం తిన్నావా అని మాత్రం అడిగారు. ఇంతలో సన్యాసమ్మ వచ్చింది. ఆమె మొగుడు ఎర్రయ్య రెండేళ్ళుగా పరదీపు రేవులో బస్తాలు మోస్తున్నాడు. అతని ఉత్తరం వస్తే మేస్టారి చేత చదివించుకోవడం ఆమెకు మామూలు. వెనకాలే ఆరేళ్ళ కూతురు పైడమ్మ గెంతుతూ వచ్చింది. మేస్టారు ఇన్‌లాండ్ కవరు అందుకుని, చింపి, తాను చదవకుండానే దాలయ్య చేతిలో పెట్టారు. ఈ పూట నువ్వు చదువు అన్నారు.

దాలయ్య విప్పాడో లేదో పైడమ్మ వచ్చి అతని మోకాలి మీద ఎక్కి కూర్చుంది.

“మావా, మా అయ్య నా పేరు రాసినాడా?”

రాశాడు, ఉండు అని దాలయ్య మొదలుపెట్టాడు. ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. అంతవరకు గొంతు బాగానే నడిచింది. అక్కడ ఆగింది. కళ్ళు మాత్రం కిందికి పోయాయి. ఒక గుటక వేసేంత సేపు. మళ్ళీ గొంతు వచ్చింది, మునుపటి కంటే కొంచెం గట్టిగా. పైడమ్మకు ఎర్ర రిబ్బను కొని పెట్టె అడుగున దాచాను, దానికి చెప్పండి అని చదివాడు. ఆ పిల్ల ఆ ముక్క ఇంకోసారి చదవమంది. చదివాడు. మూడోసారి కూడా చదివించుకుని, వీధంతా చెప్పుకోవడానికి పరిగెత్తింది.

సన్యాసమ్మ కూతురు మలుపు తిరిగేదాకా చూసి, పాక నిట్టాడి గుంజకు ఆనుకుని నిలబడింది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

“ఇప్పుడు సదువు అన్నియ్యా. నువ్వు గుటకేసిన కాడి నించి.”

దాటేసినవి మూడే వరుసలు. బస్తాల దొంతర జారి కుడికాలి మీద పడింది. ఎముక విరిగింది. పని లేనివాడికి చోటు లేదని మేస్త్రీ గది ఖాళీ చేయమన్నాడు. దాలయ్య వాటిని మెల్లగా, ఒక్క మాట కూడా వదలకుండా చదివాడు. ఆమె ఏడవలేదు. ఇంకా ఏమైనా ఉందా అని అడిగింది. ఉంది. చివర్న ఎర్రయ్య రాశాడు, కాలి ఎముక అతుక్కోగానే వచ్చేస్తాను, ఇక ఎక్కడికీ పోను, మన మడి మనకుంది కదా అని.

ఆ వాక్యం చదివాక దాలయ్య తల ఎత్తలేకపోయాడు.

“మడి ఉన్నట్టా, లేనట్టా?” అంది సన్యాసమ్మ. “సంతకం పెట్టాల్సినోడివి నువ్వు పాయలో దాక్కుంటే ఇంకెవులికి తెలుస్తాది?”

అతను ఇన్‌లాండ్ కవరు మడిచి ఆమె చేతికిచ్చి లేచాడు. చెప్పులు కూడా వేసుకోకుండా ఆ ఎండలో పోస్టాఫీసుకు నడిచాడు. అరగంటలో తిరిగి వచ్చాడు. చేతిలో పొడుగాటి ఖాకీ కవరు ఉంది, అంటించిన అంచు అంటించినట్టే ఉంది. సన్యాసమ్మ అక్కడే నిలబడి ఉంది.

దాలయ్య మేస్టారి ఎదుట చతికిలబడ్డాడు. అతని తండ్రి కలకత్తా జనపనార మిల్లు నుంచి రాసిన ఉత్తరాలు చిన్నప్పుడు అతనికి చదివి వినిపించింది ఈ మేస్టారే. ఆ ఉత్తరాల్లో కూడా అలా దాటేసిన వరుసలు ఉండేవా అని అడగబోయి సగంలో ఆగిపోయాడు. మేస్టారు కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకుంటూ, ఉండేవి అన్నారు.

ఆ ఖాకీ కవరులో ఖాళీ చేయమనే ఉందనీ, అభ్యంతరం చెప్పుకోవడానికి ఇంకా తొమ్మిది రోజులు మిగిలాయనీ ఆ సాయంత్రానికి నలభై ఇళ్ళకూ తెలిసింది. ఆ తొమ్మిది రోజులూ మేము నిద్రపోలేదు. మళ్ళు ఇవాళ్టికీ మా చేతిలో ఉన్నాయంటే ఆ తొమ్మిది రోజుల వల్లే. కానీ ఆ మధ్యాహ్నం, కవరు విప్పకముందు, ఎవరికీ ఏమీ తెలియదు. దాలయ్య తన వల్ల కాదు, మీరే చదవండి అని కవరు మేస్టారి ఒళ్ళో పెట్టాడు.

మేస్టారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. కవరు చింపలేదు.

“చదువుతాను. పైడమ్మకు చదివినట్టు చదవనా, వాళ్ళమ్మకు చదివినట్టు చదవనా?”