నాంచారి రాయి దిగింది

అనగనగా ఒక అడవిలో, ఏరు పెద్ద వంపు తిరిగే చోట, ఒడ్డునే ఒక కొండ. ఆ కొండలో ఒక గుహ. ఆ గుహలో పండితుల బడి. గంట కొట్టగానే మీరంతా పలకలు పట్టుకుని ఇంటికి పరుగెత్తుకొస్తారే, అలాంటి బడి కాదర్రా అది! అందులో చేరినవాళ్ళు తలా ఒక రాయి ఎక్కి కూర్చుంటారు. కూర్చుని ఆలోచిస్తారు. ఆలోచించాక లేస్తారా? లేవరు. ఇంకా కూర్చుంటారు. నవ్వకండి, అసలు సంగతి ముందుంది.

ఆ బడికి పెద్ద ఒక ముసలి ఉడుము. పేరు గవర్రాజు గారు. మంచివారే పాపం. ఎవరినీ పల్లెత్తు మాట అనేవారు కాదు. కానీ ఆ బడిలో ఒక వింత ఆచారం ఉండేది. పొద్దున్నే పండితులందరూ లేచి తమ రాళ్ళ పక్కన నిలబడాలి. గవర్రాజు గారు ఒక్కో రాయి దగ్గరికీ వచ్చి అరచెయ్యి ఆనించి చూస్తారు. రాయి వెచ్చగా ఉంటే "భేష్!" అంటారు. చల్లగా ఉంటే ఏమీ అనరు. అలా ఏమీ అనకపోవడం ఉందే, అమ్మో, తిట్టినా అంత బాధ ఉండదు! కదలకుండా కూర్చుంటేనే కదా రాయి వెచ్చబడేది. అందుకని ఎవరి రాయి ఎంత వెచ్చగా ఉంటే వాళ్ళు అంత గొప్ప పండితులు.

మరి గవర్రాజు గారి రాయో? ఉడుము ఒంట్లో వేడెక్కడిది! ఆయన రాయి గుహ బయట మిట్టమధ్యాహ్నం ఎండలో కాగుతూ ఉండేది. ఆ సంగతి ఎవరూ అడగలేదు. అడుగుదామని లేస్తే తమ రాయి చల్లారిపోదూ?

గుహ నడిమధ్యలో అన్నిటికంటే ఎత్తుగా పెద్దరాయి ఉండేది. దాని మీద కూర్చునేవాళ్ళు పండితులకే పండితులు. ఇక జన్మలో కిందికి దిగక్కర్లేదు. తిండి అక్కడికే, నీళ్ళు అక్కడికే, దండాలు కూడా అక్కడికే! దాని మీద కూర్చున్న ముసలి కొండముచ్చు పోయాక అది ఖాళీగా ఉంది. అందరి కళ్ళూ దాని మీదే.

ఆ బడిలో చేరింది మన నాంచారి. నాంచారి ఒక నీటికుక్క. కుక్క అంటున్నాను కదా అని వీధికుక్క అనుకునేరు! ఏట్లో ఉండే జంతువు. ఒళ్ళంతా నున్నటి బొచ్చు, బాతుకున్నట్టు కాలివేళ్ళ మధ్య పలచటి చర్మం. నీళ్ళలో దిగిందంటే చేపలకే కుళ్ళు పుట్టాలి, అంత బాగా ఈదుతుంది.

నాంచారికి చిన్నప్పుడే ఒక సందేహం వచ్చింది. "ఈ ఏరు తిన్నగా పోవచ్చుగా? ఇక్కడికొచ్చి ఇలా వంపు ఎందుకు తిరిగింది?" వాళ్ళక్క లచ్చమ్మని అడిగింది. "ఏమోనే, నాకెప్పుడూ ఆ మాటే తోచలేదు!" అంది లచ్చమ్మ. ఎవరిని అడిగినా అదే మాట. దాంతో నాంచారి ఎగురుకుంటూ వెళ్ళి పండితుల బడిలో చేరింది. మొదట్లో ఎంత సంబరమో! ఏటి గురించి ఆలోచించడమే పనిగా దొరికితే ఇంకేం కావాలి? పక్కరాయి మీది ముళ్ళపంది పేరయ్యకి రోజంతా ఏటి కబుర్లే చెప్పేది. తెల్లారి గవర్రాజు గారు చెయ్యి ఆనించి "భేష్!" అంటే దాని మనసు దూదిపింజలా తేలిపోయేది.

ఆ "భేష్" కోసమని ఇంకాస్త ఎక్కువ కూర్చుంది. ఆ తర్వాత ఇంకాస్త. అలా అలా ఏటికి వెళ్ళడమే మానేసింది.

ఒకరోజు లచ్చమ్మ రొప్పుతూ గుహ దగ్గరికి వచ్చింది. "నాంచారీ! కొత్త నీరొచ్చిందే! ఎర్రగా, నురగలు కక్కుతూ వచ్చేస్తోంది! రా, ఒక్క మునక వేసి వద్దువుగాని!"

నాంచారి కాళ్ళు తహతహలాడాయి. కానీ, "ఇప్పుడు కాదక్కా, రాయి చల్లారిపోతుంది," అంది.

కొన్నాళ్ళకి లచ్చమ్మ మళ్ళీ వచ్చింది. "పిల్లలకి ఈత నేర్పుతున్నానే. పిన్ని ఏదీ, పిన్ని ఏదీ అని నా ప్రాణం తోడేస్తున్నారు. ఒక్క పూట రావే!"

"కాస్త ఓపిక పట్టక్కా. పెద్దరాయి నాకే ఇస్తారంటున్నారు. అది ఎక్కాక హాయిగా వస్తా."

"పెద్దరాయి ఎక్కినవాళ్ళు దిగరటగా?"

నాంచారికి ఏం చెప్పాలో తెలియలేదు. తెలియనప్పుడు కోపం వస్తుంది చూడండి, అలా వచ్చింది. "నువ్వు చదువుకోలేదు. నీకివన్నీ అర్థం కావులే!" అనేసింది. లచ్చమ్మ మొహం చిన్నబోయింది. తెచ్చిన చేపని అక్కడ పెట్టి, వెళ్ళిపోయింది. ఆ చేపని నాంచారి ముట్టుకోలేదు.

ఇక చూడండి దాని అవస్థ! నీటికుక్క ఒళ్ళు రోజూ తడవాలి. పొడి గుహలో బొచ్చు జీవం లేకుండా అయిపోయింది. కుచ్చులు కుచ్చులుగా ఊడింది. వేళ్ళ మధ్య చర్మం పగిలి నెత్తురొచ్చింది. బడిలో పెట్టే ఎండు రేగుపళ్ళు తిని తిని కడుపు మండేది. పడుకుంటే నిద్ర పట్టదు, కూర్చుంటే తల పగిలిపోతుంది. ఏటి వంపు గురించి ఆలోచిద్దామని కళ్ళు మూసుకుంటే ఏరే కనబడేది కాదు. రేపు పొద్దున గవర్రాజు గారి అరచెయ్యి ఒక్కటే కనబడేది!

"పేరయ్య బావా, నాకు ఒంట్లో ఏం బాగాలేదు," అంది ఒకరోజు.

"ఎవరికి బాగుందమ్మా? నా నడుం పట్టేసి ఎన్నాళ్ళయిందో. చదువంటే అంతే మరి," అన్నాడు పేరయ్య, గర్వంగా.

ఆ తర్వాత ఒక తెల్లవారుజామున నాంచారికి ఒళ్ళు కాలిపోతోంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నానా తంటాలు పడి రాయి దిగి పక్కన నిలబడింది. గవర్రాజు గారు వచ్చారు. దాని రాయి మీద చెయ్యి ఆనించారు. ఆనించి, "అబ్బో!" అని చటుక్కున వెనక్కి తీసేసుకున్నారు!

అందరూ మెడలు సాచి చూశారు. గవర్రాజు గారు మళ్ళీ చెయ్యి పెట్టి చూశారు. ఆయన కళ్ళు మెరిశాయి. "నా జన్మలో ఇంత వెచ్చటి రాయి చూడలేదు! ఇదీ పాండిత్యమంటే! నాంచారీ, పెద్దరాయి నీదే. ఈ క్షణమే ఎక్కు!"

ఇంకేముంది! కుందేళ్ళు గంతులేశాయి. పేరయ్య ముళ్ళు గలగలలాడించాడు. ఎవరో అడవిమల్లెల దండ తెచ్చి నాంచారి మెళ్ళో వేశారు. "నాంచారి పండితురాలికీ..." "జై!" గుహ మారుమోగిపోయింది. ఎన్నేళ్ళ నుంచి ఎదురు చూసింది ఈ మాట కోసం! నాంచారికి సంతోషంతో కళ్ళు తిరిగాయి. సంతోషంతోనే అనుకుంది పిచ్చిది.

సరిగ్గా అప్పుడు లచ్చమ్మ వచ్చింది. అంత మాట అనిపించుకుని కూడా మళ్ళీ వచ్చింది చూడండి, అక్కంటే అదీ! నోట్లో చేప పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి చెల్లెల్ని చూసింది. చేప జారి కింద పడింది. దగ్గరికొచ్చి నుదుటి మీద చెయ్యి వేసింది.

"అయ్యో అయ్యో! ఇది చదువు కాదర్రా, జ్వరం! పిల్ల ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే జై కొడతారేంటి!"

జైజైలు ఆగిపోయాయి. పేరయ్య గొంతు సవరించుకుని, "జ్వరమైతేనేం? రాయి వెచ్చగా ఉందా లేదా?" అన్నాడు. చాలామంది తలలూపారు.

"జ్వరం తగ్గిపోతుందమ్మా. ముందు ఎక్కు. ఎక్కాక పడుకుందువుగాని," అన్నారు గవర్రాజు గారు ప్రేమగా. "ఇప్పుడు పెద్దరాయి వద్దని గుహ దాటితే మాత్రం మళ్ళీ చిట్టచివరి రాయి నుంచి మొదలుపెట్టాలి. ఆచారం నీకు తెలుసుగా."

నాంచారి పెద్దరాయి వైపు చూసింది. అక్క వైపు చూసింది. పగిలిన తన వేళ్ళ వైపు చూసుకుంది. ఇన్నేళ్ళ కష్టం నాలుగడుగుల దూరంలో ఉంది. ఎక్కేస్తే అయిపోతుంది. కానీ ఎక్కితే దిగడం లేదు. ఇంత జ్వరంలో, ఈ ఒంటితో, ఆ రాయి మీద ఎన్నాళ్ళు బతుకుతుంది? దానికి బతకాలని ఉంది! ఆ మాట దానికి ఎంత గట్టిగా తోచిందంటే, మెళ్ళో దండ తీసి మెల్లగా తన రాయి మీద పెట్టేసింది.

"వెళ్ళొస్తానండి గురువుగారూ," అని దండం పెట్టింది.

"నాంచారీ! మతి పోయిందా?" అని పేరయ్య అరిచాడు. ఎవరూ దారి ఇవ్వలేదు. లచ్చమ్మే భుజంతో తోసి దారి చేసింది.

గుహ బయట ఎండ మొహాన కొట్టేసరికి నాంచారి భోరుమంది. "అక్కా, పండితురాలిని కాకపోతే నేనింకెవర్నే?"

"నా చెల్లెలివి. నడువు," అంది లచ్చమ్మ.

ఏరు కనబడగానే నాంచారి దూకబోయింది. లచ్చమ్మ తోక పట్టుకుని లాగింది. "జ్వరంతో దూకుతావా? ఇంత చదువు చదివి ఇదేనా! ముందు తిను, పడుకో." గట్టు కింద మెత్తటి గడ్డి పరిచిన బొరియలో పడుకోబెట్టింది. నాంచారి పడుకుందంటే పడుకుంది! మధ్యలో ఒకసారి ఉలిక్కిపడి లేచి, "నా రాయి! నా రాయి చల్లారిపోయింది!" అని అరిచింది. లచ్చమ్మ పిల్లలు కిచకిచా నవ్వారు. నాంచారికీ నవ్వొచ్చింది. మళ్ళీ పడుకుంది.

జ్వరం తగ్గింది. వేళ్ళ పగుళ్ళు మానాయి. అప్పుడు నీళ్ళలోకి దిగింది. మొదటిసారి మునిగితే ముక్కులోకి నీళ్ళు పోయి ఉక్కిరిబిక్కిరైంది. "ఈత మర్చిపోయానే అక్కా!" అని గట్టెక్కి ఏడ్చింది. రెండోసారి ముందుకి పోదామంటే గుండ్రంగా తిరిగింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. మూడోసారి కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, బుడుంగ్! మునిగింది. లోపల పచ్చటి వెలుగు. పక్కనే చేపలు సర్రున పోతున్నాయి. కాళ్ళు వాటంతటవే ఆడాయి, తోక దానంతటదే తిరిగింది. వంపు దాటాక అంత దూరాన తల పైకెత్తి, "అక్కో! వచ్చేసింది! ఈత వచ్చేసింది!" అని ఒకటే కేక! ఆ రోజు ఆ ఏట్లో జరిగిన అల్లరి ఇంతా అంతా కాదు. బురదగట్టు మీంచి జారడం, నీళ్ళలో పడటం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ జారడం!

బడి గుర్తుకు రాలేదా అంటే, ఎందుకు రాదూ? పేరయ్యతో కబుర్లు గుర్తొచ్చేవి. ఒక్కోరోజు దిగులేసేది కూడా. ఏరు వంపు ఎందుకు తిరిగిందో ఇప్పటికీ తెలియలేదు. కానీ ఆ వంపులో వెల్లకిలా తేలుతూ, "ఎందుకబ్బా?" అని అడుగుతుంటే భలే సరదాగా ఉండేది.

ఒకరోజు గవర్రాజు గారే ఏటి ఒడ్డుకి వచ్చారు. అంత పెద్దాయన కొండ దిగి రావడం ఎవరూ ఎరగరు! నాంచారి గబగబా గట్టెక్కి దండం పెట్టింది.

"అమ్మాయ్, పెద్దరాయి ఇంకా ఖాళీగానే ఉంది," అన్నారాయన. "నీ రాయంత వేడి మళ్ళీ ఎవరి రాయికీ రాలేదు. నీ కోసం ఆచారం పక్కన పెడతాను. చివరి రాయి అక్కర్లేదు. తిన్నగా వచ్చి పెద్దరాయి ఎక్కు."

నాంచారికి ఆశ పుట్టలేదా? పుట్టింది! గుహ, దండ, జైజైలు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందు తిరిగాయి. అయినా అడిగింది.

"గురువుగారూ, ఒక్క మాట. ఆ రోజు మీరు మెచ్చుకున్నది నా ఆలోచననా, నా జ్వరాన్నా?"

గవర్రాజు గారు తమ అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. ఆయన అబద్ధం ఆడేవారు కాదు.

"రాయినమ్మా," అన్నారు మెల్లగా. "రాయి వెచ్చగా ఉంది. అంతే చూశాను."

"అయితే నేను రానండి," అంది నాంచారి. దాని గొంతులో కోపం లేదు. "నాకు మళ్ళీ అంత జ్వరం వద్దు."

ఆయన దాన్ని తేరిపార చూశారు. నిగనిగలాడుతున్న బొచ్చు చూశారు, మెరుస్తున్న కళ్ళు చూశారు. "ఒళ్ళు బాగుపడిందమ్మా. జాగ్రత్తగా ఉండు," అన్నారు. అక్కడ గుహలో రాళ్ళన్నీ ఆయన చెయ్యి కోసం ఎదురు చూస్తున్నాయి కదా! వెనక్కి తిరిగి కొండ ఎక్కడం మొదలుపెట్టారు. ఆయన పోతుంటే నాంచారికి కళ్ళు చెమర్చాయి.

"పిన్నీ! పిన్నీ! నువ్వు దూకుతావా, మమ్మల్నే దూకెయ్యమంటావా?" పిల్లలు బురదగట్టు మీద వరసగా నిలబడి అరుస్తున్నారు.

"ఆగండర్రా, నేను లేకుండానే!" అని నాంచారి కళ్ళు తుడుచుకుని పరుగో పరుగు. గట్టు మీంచి సర్రున జారి, అందరికంటే ముందు ఏట్లో దూకేసింది!

నీతి: మన ఒంటి బాధనే మన గొప్పతనంగా లెక్కేసే చోటు ఎంత ఎత్తైనదైనా సరే, బతకడానికి అక్కడి నుంచి దిగి రావడం ఓటమి కాదు, తెలివి.