పుక్కిట నీళ్ళు

వాగుడుకి పెట్టింది పేరు మన గవర్రాజు. మడికీ బెత్తానికీ పెట్టింది పేరు వీధిబడి సోమయాజులు పంతులుగారు. ఒకనాటి పొద్దున్నే వాడి కబుర్లకి పంతులుగారికి ఒళ్ళు మండింది. తన మడిచెంబు పైకెత్తి, పెదవి తగలకుండా వాడి నోట్లో పుక్కెడు నీళ్ళు పోశారు.

“ఇవి సాయంత్రం ఈ చెంబులోనే ఉమ్మాలి. లేదా, రేపట్నుంచి గేదెలు కాసుకో!”

గవర్రాజుకి గుండె జారింది. కబుర్లు చెబితే గేదెలు బదులు పలకవు కదా!

ఆ రోజంతా బడిలో గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి. పంతులుగారు గిరుక్కున తిరిగి చూస్తే మాత్రం వాడి బుగ్గలు బూరెల్లా ఉండేవి.

పొద్దు వాలింది. ఏం గుండె అండీ వాడిది! బుగ్గలు పూరించుకుని తిన్నగా వెళ్ళి చెంబు మీదికి వంగాడు. పంతులుగారు కెవ్వుమన్నారు.

“ఆగరా! చెంబు ఎంగిలైపోదూ! మింగేయ్, మింగేయ్!”

వాడు గుటుక్కుమనిపించి, “చిత్తమండీ. మరి రేపు బడికి రావచ్చాండీ?” అన్నాడు.

“వచ్చి ఏడు!” అన్నారు పంతులుగారు, చెంబుని గుండెకి హత్తుకుని.

ఇంటిదారిలో తోటి బడిపిల్లాడు పేరయ్య నోరెళ్ళబెట్టాడు. “పొద్దుటి నీళ్ళు ఇందాకటిదాకా ఎలా ఆపావురా?”

“ఆపడమేంట్రా? పొయ్యగానే మింగేశాను. పంతులుగారి మడి మీద నాకంత నమ్మకం!”