లేయమ్మ కాలు నేల తాకకూడదు

మా చినపులిపాడు సంఘంలో బర్నబా కుటుంబమంత తెలివైన కుటుంబం ఇంకోటి లేదు. ఈ మాట అన్నదెవరు? బర్నబా కుటుంబమే. బర్నబా అంటాడు, అతని భార్య దీనమ్మ ఔనంటుంది, వాళ్ళింట్లోనే ఉండే ఆమె తమ్ముడు తీతు తల ఊపుతాడు. ముగ్గురూ ఒప్పుకున్నాక ఇక సందేహమేముంది?

రుజువు కూడా ఉంది. ఒక ఆదివారం అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, "అందరూ కళ్ళు మూసుకోండి" అని ప్రార్థన చేశారు. ముగించారు గానీ కళ్ళు తెరవమని చెప్పలేదు. అంతే. జనమంతా ఇళ్ళకు పోయి కోడికూర తిని పడుకున్నారు. దీపాల వేళకి పాస్టరమ్మగారు గుడి ఊడవడానికొస్తే ముగ్గురూ బెంచీ మీద కళ్ళు మూసుకునే ఉన్నారు.

"ఇంకా ఇంటికి పోలేదేంటమ్మా?" అన్నారావిడ.

"తెరవమని చెప్పందే ఎలా పోతాం అమ్మగారూ," అంది దీనమ్మ, కళ్ళు తెరవకుండానే. "మిగతావాళ్ళు చెప్పకుండానే తెరిచేసుంటారు. బుద్ధిలేని జనం."

ఇలాంటి వాళ్ళకి సేవ చెయ్యాలనే కోరిక పుట్టింది. ఇంకేముంది!

ఈస్టరుకి ముందొచ్చే శ్రమల దినాల్లో గుడి వెనక సందులో ఉండే లేయమ్మ బోరింగు దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. పిల్లల్లేని ముసలామె. నోరు మాత్రం పదిమంది పిల్లలున్నంత. పట్నం నుంచి మేనల్లుడు ఎలీషా వచ్చి కాలికి పిండికట్టు వేయించి, అయ్యగారితో తేల్చి చెప్పేశాడు. "ఈస్టరు రోజు మళ్ళీ వస్తానండి. ఈలోగా ఎవరన్నా చూసుకుంటే సరే. లేకపోతే పట్నంలో వృద్ధుల హోములో చేర్పిస్తా."

"నేను రాన్రా!" అంది లేయమ్మ మంచం పట్టె గట్టిగా పట్టుకుని. "ఈ ఇల్లు, ఈ జాజిపందిరి, గుడి గంట. ఇవి లేని చోట నాకు నిద్ర కూడా పట్టదు."

ఆదివారం అయ్యగారు సంఘాన్ని అడిగారు. క్వాయరు పెద్దకి ఈస్టరు పాటల సాధన ఉంది. స్త్రీల సమాజం అధ్యక్షురాలికి 'ఇతరులకు సేవ చేయుట ఎలా' అన్న సదస్సు ఉంది. పెద్దలంతా ఆమె కోసం భారంగా ప్రార్థన చేస్తామన్నారు. చేతులెత్తింది బర్నబా ఇంటివాళ్ళే. ఒక్కొక్కరూ రెండేసి ఎత్తారు.

అయ్యగారు గుడంతా ఇంకోసారి కలయజూశారు. కానీ ఇంకెవరున్నారు? "సరే బర్నబా. ఒక్కటి గుర్తుపెట్టుకో. చేసిన సేవ ఎవరికీ తెలియకూడదు," అన్నారు.

అంతే. మర్నాడు మధ్యాహ్నం లేయమ్మ కునుకు తీస్తుంటే ముగ్గురూ పిల్లుల్లా దొడ్డిగుమ్మంలోంచి దూరారు. తోమడానికి గిన్నెలన్నీ, ఉతకడానికి చీరలన్నీ మూటగట్టి కాలవకి పట్టుకుపోయారు. లేయమ్మ కళ్ళు తెరిచేసరికి ఇంట్లో మంచం, తనూ మిగిలారు.

"దొంగలు! దొంగలు!" అని గావుకేక పెట్టింది.

జనం పరిగెత్తారు. మొగుడూ పెళ్ళాలు గట్టు మీద ఉతుకుతున్నారు. తీతు ఒక్కడే నీళ్ళల్లో దిగి, నెత్తి మీద అన్నం గిన్నెతో దొరికాడు.

"ఎవరివిరా ఈ గిన్నెలు?"

"చెప్పకూడదు."

"ఎక్కడికి పట్టుకుపోతున్నావురా?"

"చెప్పకూడదు. అది కూడా చెప్పకూడదేమో. బావనడగాలి."

తీతుని కరెంటు స్తంభానికి కట్టేశారు. అయ్యగారు చేతులు జోడించి బతిమాలితే గానీ విప్పలేదు. "చేసేది ఆమెకైనా చెప్పి చెయ్యాలి కదయ్యా!" అన్నారు ఏడుపు గొంతుతో.

"ముందే చెప్పొచ్చుగా అయ్యగారూ," అన్నాడు బర్నబా.

ఇంకేముంది, మర్నాటి నుంచి చెప్పడమే. "పెద్దమ్మా, చీపురు తీస్తున్నా. పెద్దమ్మా, వంగుతున్నా. పెద్దమ్మా, ఇంకా వంగే ఉన్నా." లేయమ్మకి తలనొప్పి పట్టుకుంది. "మీ చెప్పడం తగలెయ్య! అయ్యగారూ, వీళ్ళ నోళ్ళు కట్టించండి!"

చూడ్డానికొచ్చిన అయ్యగారు నిట్టూర్చి, దీనమ్మతో, "అలా పరాయి మనిషిని చూసినట్టు కాదమ్మా. సొంత ఇంటిమనిషిలా చూసుకోండి," అన్నారు.

దీనమ్మ ముఖం వెలిగిపోయింది. అదైతే ఆమెకి బాగా వచ్చు. వెంటనే లేయమ్మ ముందు కత్తిపీట పడేసి, "కూర్చుని తింటే ఎలా? ఉల్లిపాయలు కొయ్యి," అంది. తీతు ఆమె దుప్పటి లాక్కుని కప్పుకున్నాడు. బర్నబా ఆమె బెల్లం డబ్బా అటక మీద దాచాడు. అది వాళ్ళింట్లో రోజూ జరిగేదే.

"నా ఇంట్లో నా బెల్లం దాస్తావురా, అప్రాచ్యుడా!" అని లేయమ్మ అరిచింది. దీనమ్మ తిరిగి అరిచింది. సాయంత్రం దాకా పోట్లాడుకున్నారు. ఆ పూట లేయమ్మ రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది. ఎన్నో ఏళ్ళుగా ఆమెతో ఎవరూ పోట్లాడింది లేదు. వచ్చినవాళ్ళంతా ప్రార్థన చేసి పోయేవాళ్ళే.

ఇక్కడ ఆగితే బాగుండేది. గురువారం వచ్చింది.

మా గుడిలో ఈస్టరు ముందు గురువారం అయ్యగారు బేసినులో నీళ్ళు పెట్టుకుని, మోకాళ్ళూని, సంఘస్తుల కాళ్ళు కడుగుతారు. కడిగించుకునేవాళ్ళు ఇంటి దగ్గరే సబ్బుతో రుద్దుకుని వస్తారు, అది వేరే సంగతి. బర్నబా కాళ్ళు కూడా కడిగి, తువ్వాలుతో తుడిచి, "ఇదే సేవంటే. మీరూ వెళ్ళి ఇలాగే చెయ్యండి," అన్నారు.

ముగ్గురూ తిన్నగా లేయమ్మ ఇంటికి బేసిను మోసుకెళ్ళారు.

"పెద్దమ్మా, కాళ్ళు పెట్టు."

"ఒక్కటే పెడతా. రెండోదానికి కట్టుందిగా."

"అయ్యగారు నాకు రెండూ కడిగారు," అన్నాడు బర్నబా. "పైగా మురికిదేమో అదే."

నిజమే. ఆ కట్టు మీద పసుపు, పొయ్యి బూడిద, ఉల్లిపాయ తొక్కు. వేణ్ణీళ్ళు పోశారు. సబ్బు వేశారు. పోలేదు. నానబెట్టారు. తీతు కొబ్బరిపీచు తీసుకుని రుద్దుడే రుద్దుడు. కట్టు మెత్తబడి పేలికలు పేలికలుగా బేసినులోకి జారింది.

"బావా!" అని కేకేశాడు తీతు. "లోపల ఇంకో కాలుంది! తెల్లగా భలే ఉంది!"

"ఇంత మంచి కాలు దాచిపెట్టుకుని పాతది తొడుక్కున్నావా పెద్దమ్మా!" అంది దీనమ్మ.

లేయమ్మ వేసిన కేకకి జాజిపందిరి మీద పిచ్చుకలు లేచిపోయాయి.

ఆటోలో పట్నం తీసుకెళ్ళి మళ్ళీ కట్టు వేయించారు. డాక్టరు ముగ్గురినీ ఎగాదిగా చూసి, "ఈ కాలు నేల మీద పెట్టనివ్వకండి," అన్నాడు. అయ్యగారైతే దండమే పెట్టారు. "ఆదివారం మేనల్లుడొస్తాడు. ఈ సంగతి తెలిస్తే ఆమెని తీసుకుపోతాడు. మీ ముగ్గురూ నోరు మెదపకండి, మీకు పుణ్యముంటుంది."

ఈస్టరు ఆరాధన అయ్యాక ఎలీషా వచ్చాడు. "మా అత్తనెవరు చూసుకుంటున్నారు?" అని అడిగాడు.

ముగ్గురూ పెదాలు బిగించి గోడని చూశారు.

"మిమ్మల్నే. మీరేనా?"

గోడ.

"అర్థమైంది. ఎవరూ లేరన్నమాట. అత్తా, బట్టలు సర్దుకో."

అయ్యగారు "వీళ్ళే" అనబోయి, కట్టు సంగతి అడిగితే అబద్ధమాడలేనని ఆగిపోయారు. లేయమ్మ మంచం పట్టె పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దీనమ్మా, నోట్లో ఏం పెట్టుకున్నావే? నిన్న అంత నోరేసుకుని పడ్డావుగా?"

దీనమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

లేయమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "పోన్లే. హోములోనన్నా మంచి కూర దొరుకుతుంది. నీకు చేపల పులుసు చెయ్యడం వస్తేగా!"

అంతే. "నాకు రాదా?" అని దీనమ్మ విరుచుకుపడింది. "మూడు ముక్కలు తిని, గిన్నె తుడుచుకుని నాకిందెవరు? ఉల్లిపాయలు కొయ్యమంటే చింతకాయలంత ముక్కలు కోసిందెవరు?"

"నా బెల్లం డబ్బా దించమను ముందు నీ మొగుణ్ణి!"

"దించను! షుగరొస్తుంది!" అని బర్నబా అరిచాడు.

ఎలీషా అటూ ఇటూ చూశాడు. మెల్లగా నవ్వొచ్చింది అతనికి. "మా ఇంట్లో కూడా ఇంతే," అన్నాడు. "సరే అత్తా, ఇక్కడే ఉండు." వెళ్తూ వెళ్తూ బర్నబా వైపు తిరిగి వేలు చూపించాడు. "డాక్టర్లు చెప్పినదాంట్లో ఒక్క మాట తప్పారని తెలిసిందా, ఆ రోజే వచ్చి తీసుకుపోతా."

ఆ వేలు బర్నబా కలల్లోకి కూడా వచ్చేది.

వేసవి పోయింది. కాలు అతుక్కుంది. కట్టు విప్పిన రోజు ఆసుపత్రిలో కొత్త డాక్టరున్నాడు. "బాగా నడిపించండి. రోజూ నడవాలి," అన్నాడు.

ముగ్గురూ ఇంటికొచ్చి తల పట్టుకున్నారు. పాత డాక్టరు కాలు నేల మీద పెట్టనివ్వొద్దన్నాడు. కొత్త డాక్టరు నడిపించమన్నాడు. ఏది తప్పినా పెద్దమ్మని తీసుకుపోతారు.

"పాతాయన్నే అడుగుదాం," అంది దీనమ్మ.

"బదిలీ అయిపోయాడు."

"వదలండ్రా నన్ను, నడుస్తా!" అని లేయమ్మ లేవబోయింది. తీతు పరిగెత్తుకెళ్ళి ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని కదలనిచ్చాడు కాదు. చివరికి బర్నబా ముఖం వెలిగింది. మా సంఘంలో అంత తెలివి ఇంకెవరికుంది!

ఆదివారం ఉదయం సంఘమంతా తెల్లబట్టలేసుకుని గుడికొచ్చేసరికి లోపల ఒక్క బెంచీ లేదు. క్వాయరు పెద్ద నిలబడ్డాడు. అధ్యక్షురాలు పట్టుచీర నలుగుతుందని కింద కూర్చోక నిలబడింది. అందరూ వీధిలోకి తొంగిచూశారు.

లేయమ్మ ఇంటి గుమ్మం నుంచి గుడి మెట్ల దాకా బెంచీలు వరసగా ఉన్నాయి. బర్నబా ఒక చెయ్యి, తీతు ఒక చెయ్యి పట్టుకుంటే, వాటి మీద లేయమ్మ నడిచొస్తోంది. అందరి తలల కంటే ఎత్తుగా, జడలో జాజులతో, దారిలో ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరిస్తూ.

"మెల్లగా నడిపించండ్రా," అంటోంది. "వీధి చూసి ఎన్నాళ్ళయింది."

అయ్యగారు తల బాదుకుంటూ పరిగెత్తుకొచ్చారు. "దీనమ్మా, ఏంటమ్మా ఇది! వాళ్ళంతా నిలబడిపోయారు. కూర్చోడానికి బెంచీలు అడుగుతున్నారు!"

దీనమ్మ ఆఖరి బెంచీని గుడి మెట్లకి ఆనించి, చెమట తుడుచుకుంది.

"మీరే చెప్పండి అయ్యగారూ," అంది. "సేవ చేసేటప్పుడు ఎవరన్నా కూర్చుంటారా?"